చీపురు పట్టడం పుట్టుకతో వస్తుందా?

సర్కారు ఆసుపత్రి బాగుపడాలంటే ఏం చేయాలని ఎవర్నడిగినా ఒకటే మాట చెబుతున్నారు. సిబ్బంది సరిగా పని చేయడం లేదు, వాళ్ళకి శిక్షణ ఇవ్వాలి, పనితీరు మీద కన్నేసి ఉంచాలి. మంత్రులు ఇదే చెబుతున్నారు. కలెక్టర్లు ఇదే చెబుతున్నారు. పేపర్లవాళ్ళు ఇదే రాస్తున్నారు. మేమూ కాదనం. శిక్షణ కావాల్సిందే. పనితీరు చూడాల్సిందే. జబ్బు చేస్తే కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కే స్తోమత మాలపల్లెకీ లేదు, మాదిగగూడేనికీ లేదు. కాబట్టి ధర్మాసుపత్రి బాగుండాలని అందరికన్నా ఎక్కువ కోరుకునేది మనమే.

అయితే మా ప్రశ్న ఒకటుంది. సిబ్బంది అంటే ఎవరు? శిక్షణ ఎవరికి? పనితీరు లెక్క చివరికి ఎవరి మెడకి చుట్టుకుంటుంది?

పోస్టు పేరులోనే కులం

ఆసుపత్రిలో మంజూరైన పోస్టుల పట్టిక ఎప్పుడైనా చూశారా? పైన సూపరింటెండెంటు, సివిల్ సర్జను. తర్వాత హెడ్ నర్సు, స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియను. ఇక్కడిదాకా పోస్టులకు చదువును బట్టి పేర్లు పెట్టారు. అక్కణ్ణించి కిందికి దిగండి. దోబీ, బార్బరు, తోటి, స్వీపరు. ఇవి చదువుల పేర్లా, కులాల పేర్లా? చాకలి, మంగలి అని రాస్తే బాగుండదని దోబీ, బార్బరు అని రాసుకున్నారు. తోటికి ఆ మాత్రం మర్యాద కూడా దక్కలేదు. వీళ్ళందర్నీ కలిపి సర్వీసు రూల్సులో పెట్టిన పేరు 'లాస్ట్ గ్రేడ్'. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో వచ్చిన రూల్సుకి ఆ పేరే ఉంది. ఊరికి చివరన వాడ. ఆసుపత్రికి చివరన గ్రేడు.

ఇప్పుడు శిక్షణ సంగతి చూడండి. డాక్టర్లకి సదస్సులున్నాయి, కొత్త వైద్యం నేర్పే కోర్సులున్నాయి. నర్సులకి కాన్పుల గది శిక్షణలున్నాయి, పసిబిడ్డల వార్డు శిక్షణలున్నాయి. ఏఎన్ఎంలకి ఏ కొత్త టీకా వచ్చినా ట్రైనింగు ఉంటుంది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ఆశా కార్యకర్తలకి కూడా పుస్తకాలిచ్చి విడతలవారీగా నేర్పారు. జీతం ఇవ్వకపోయినా పాఠమైతే చెప్పారు. ఇవన్నీ చాలినన్ని ఉన్నాయని మేం అనడం లేదు. కానీ ఉన్నాయి.

ఊడ్చే మనిషికి ఏముంది? చేరిన రోజు ఒక చీపురు, ఒక బకెట్టు, ఒక ఫినాయిలు డబ్బా. "అదిగో ఆ వార్డు నీది, పో." అయిపోయింది శిక్షణ. అదేంటయ్యా అని అడిగితే ఒక నవ్వు నవ్వుతారు. "వాళ్ళకి నేర్పేదేముందండీ, అలవాటైన పనేగా!"

ఆ నవ్వులోనే ఉంది కథంతా. అలవాటట! ఎవరికి అలవాటు? ఎప్పట్నించి అలవాటు? బిడ్డ తల్లి కడుపులోంచి చీపురు పట్టుకుని వస్తుందా? మనిషి నేర్పునీ ఇష్టాన్నీ చూడకుండా పుట్టుకని చూసి పని కట్టబెట్టేదే కులమని బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో విప్పి చెప్పాడు. ఆయన చెప్పింది ఊళ్ళ గురించి మాత్రమే అనుకుంటున్నాం. తెల్లకోటు వేసుకుని, సైన్సు చదువుకున్నవాళ్ళు నడిపే ఆసుపత్రిలో కూడా అదే నడుస్తోంది. ఈ మనిషికి శిక్షణ అవసరం లేదనడం అంటే, ఇతనికి శిక్షణ కులమే ఇచ్చేసిందని అనడమే.

ఇది నేర్చుకోవాల్సిన పని కాదా?

ఆసుపత్రి ఊడవడమూ ఇంటి ముంగిలి ఊడవడమూ ఒకటి కాదు. రోగులున్న వార్డులో పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ముతో పాటు రోగక్రిములూ లేస్తాయి. అందుకే అక్కడ తడిగుడ్డతో తుడవాలి. శుభ్రంగా ఉన్న చోటునుంచి మురికి చోటుకి తుడుచుకుంటూ పోవాలి గానీ, మరుగుదొడ్డి తుడిచిన గుడ్డతో ఆపరేషన్ గదిలోకి పోకూడదు. నేలమీద రక్తం పడితే ముందు పీల్చే గుడ్డో కాగితమో కప్పాలి. దానిమీద బ్లీచింగు ద్రావణం పోసి, కనీసం పది నిమిషాలు ఆగి, చేతికి గ్లవ్సు వేసుకుని తీయాలి. బ్లీచింగునీ యాసిడ్‌నీ కలిపితే విషవాయువు పుడుతుంది. ఆ సంగతి చెప్పకుండా రెండు డబ్బాలూ ఒకే చేతికిస్తే ఏమవుతుంది?

చెత్త సంగతి ఇంకా పెద్దది. మాయ, కోసేసిన భాగాలు, నెత్తురు గుడ్డలు పసుపు సంచీలో వేయాలి. సెలైను గొట్టాలు, సిరంజీల లాంటి ప్లాస్టిక్ ఎర్ర సంచీలో వేయాలి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోకుండా తెల్లటి గట్టి డబ్బాలో వేయాలి. పగిలిన మందుసీసాలు నీలం పెట్టెలో వేయాలి. వేరు చేయాల్సింది సూది వాడిన చోటే, వాడినవాళ్ళే. పైవాళ్ళు సూదిని నల్లసంచీలో పారేసి చెయ్యి కడుక్కుంటే, కింద దాన్ని ఎత్తేవాళ్ళ చేతికి గుచ్చుకుంటుంది.

గుచ్చుకుంటే ఏమవుతుందో వైద్యశాస్త్రమే లెక్క చెప్పింది. టీకా వేయించుకోని మనిషికి హెపటైటిస్-బి రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, నూటికి 6 నుంచి 30 మంది దాకా ఆ జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది. హెపటైటిస్-సి అయితే నూటికి ఇద్దరికి అటూఇటూ. హెచ్ఐవి అయితే వెయ్యికి ముగ్గురికి. హెపటైటిస్-బికి టీకా ఉంది, మూడు డోసులు. హెచ్ఐవి సోకకుండా మందులున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. గుచ్చుకోగానే సబ్బుతో, పారే నీళ్ళతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఒక గంట. ఆ గంట మన మనిషి కోసం ఎవరూ ఖర్చు పెట్టరు.

మాకు దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో జరిగిందే చెబుతాం. ఆసుపత్రి పేరు రాయం, రాస్తే ముందు ఊడేది ఆమె కొలువే. మా గూడేనికి చెందిన ఒకామె అక్కడ కాంట్రాక్టు కింద ఊడుస్తుంది. చెత్తసంచీ ఎత్తుతుంటే సూది అరచేతిలో దిగింది. హెడ్ నర్సుకి చెబితే "చూసుకుని ఎత్తొద్దూ? స్పిరిటు రాసుకో పో" అంది. సూపర్‌వైజరుకి చెబితే ఆ పూట ఆబ్సెంటు వేస్తానన్నాడు. రిజిస్టరులో రాసింది లేదు, రక్తపరీక్ష చేసింది లేదు. మాకు తెలిసి వెళ్ళి అడిగేసరికి నాలుగు రోజులైంది. ఆమె మమ్మల్ని అడిగిన మాట ఒకటే. "ఇట్టా గుచ్చుకుంటే చెప్పాలని రూలుందా సార్? ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు గుచ్చుకుందో లెక్కే లేదు."

రూలుంది, ఎవరి కోసం?

రూలుంది. జీవ వైద్య వ్యర్థాల రూల్సు మొదట 1998లో వచ్చాయి, వాటి స్థానంలో 2016లో కొత్తవి వచ్చాయి. చెత్తని ముట్టుకునే ప్రతి ఒక్కరికీ పనిలో చేరేటప్పుడు శిక్షణ ఇవ్వాలి, ఆ తర్వాత ఏడాదికి ఒక్కసారన్నా ఇవ్వాలి. హెపటైటిస్-బికీ ధనుర్వాతానికీ టీకాలు వేయించాలి. చేరేటప్పుడూ, ఏడాదికోసారీ ఆరోగ్య పరీక్ష చేయించాలి. గ్లవ్సులు, బూట్లు, మాస్కులు ఇవ్వాలి. సిబ్బందితో పాటు ఈ పనిలో ఉన్న 'ఇతరులకి' కూడా అని రూలులోనే రాశారు. కాబట్టి కాంట్రాక్టు మనిషి మా మనిషి కాదని తప్పించుకోవడం కుదరదు.

ఇంకో మాట కూడా ఉంది, దాన్ని మన కార్యకర్తలు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎంతమందికి శిక్షణ ఇచ్చారో, ఎంతమందికి ఇవ్వలేదో రెండు లెక్కలూ ప్రతి ఆసుపత్రి ఏటా జూన్ 30 లోపల కాలుష్య నియంత్రణ మండలికి పంపే నివేదికలో రాయాలి. అంటే కాగితం తయారవుతోంది. మరి ఆ కాగితంలో మన మనుషులు ఏ లెక్కలో ఉన్నారు? శిక్షణ పొందినవాళ్ళలోనా, పొందనివాళ్ళలోనా, అసలు ఏ లెక్కలోనూ లేరా?

మేం బడిపంతుళ్ళం. ట్రైనింగుల సంగతి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. సంతకం పెట్టించుకుని, టీ బిస్కత్తులిచ్చి, ఫోటో తీసి పంపించేసే ట్రైనింగులు ఎన్నో చూశాం. ఆసుపత్రి ఊడ్చేవాళ్ళకి ఆ టీ కూడా దక్కదు. సంతకం మాత్రం, అంటే వేలిముద్ర మాత్రం, దక్కుతుంది.

మంచం లెక్క, మనిషి లెక్క

ఈ పరిస్థితి ఊరికే రాలేదు. 1994లో ఉమ్మడి రాష్ట్రంలో రెండో నంబరు చట్టం తెచ్చి రోజుకూలీ నియామకాలు బంద్ చేశారు. 1995 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు అప్పుతో జిల్లా, ఏరియా ఆసుపత్రులకి భవనాలొచ్చాయి, యంత్రాలొచ్చాయి, డాక్టర్లకీ నర్సులకీ శిక్షణలొచ్చాయి. ఆ కాలంలోనే ఊడ్పు, కాపలా పనులు కాంట్రాక్టర్ల చేతికి పోవడం మొదలైంది. ఒకప్పటి తోటి, స్వీపరు ఎంత చిన్న కొలువైనా అది సర్కారు కొలువు. జీతం, పింఛను, ఇంట్లో ఒకరు పోతే ఇంకొకరికి ఉద్యోగం ఉండేవి. ఆ కొలువు మీద బిడ్డల్ని చదివించుకున్న కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఆ పోస్టులు ఖాళీ అయినకొద్దీ నింపకుండా వదిలేశారు. పని మాత్రం మనకే ఉంచి, కొలువు తీసేసుకున్నారు. వేరే కొలువుల్లో రిజర్వేషను ఎందుకని అడిగేవాళ్ళు, చీపురు కొలువులో మన వాటా ఎందుకింత ఎక్కువని ఒక్కరోజైనా అడిగారా?

ఇప్పుడు కాంట్రాక్టు డబ్బు ఎట్లా లెక్కగడుతున్నారో చూడండి. తెలంగాణలో 2022-23 బడ్జెట్టులో పారిశుద్ధ్యానికి ఇచ్చేది పడకకి నెలకు 5,000 నుంచి 7,500 రూపాయలకి పెంచారు. పెంచడం మంచిదే. కానీ ఆ లెక్క మంచానికి. మంచం చుట్టూ తుడిచే మనిషి ఆ లెక్కలో ఎక్కడుంది? టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు. నిన్న ఏదో కాస్త నేర్చుకున్న మనిషి రేపు రోడ్డున పడొచ్చు. రేపుంటుందో ఉండదో తెలియని మనిషికి శిక్షణ ఎందుకని కాంట్రాక్టరు అనుకుంటాడు. కాంట్రాక్టరు మనిషికి మనకెందుకని సూపరింటెండెంటు అనుకుంటాడు. మధ్యలో సూది మన చేతిలో దిగుతుంది.

నింద మాత్రం నేర్పనివాళ్ళ మీద పడదు

పనితీరు అంటున్నారు గదా. 2015లో గుంటూరు పెద్దాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయింది. 2022లో వరంగల్ ఎంజీఎంలో ఐసీయూలో ఉన్న రోగిని ఎలుకలు కొరికాయి. రెండుసార్లూ రాష్ట్రమంతా అట్టుడికింది. ఉడకాల్సిందే. కానీ ఎలుకలు చీపురుతో పోవు. కలుగులు పూడ్చాలి, మురుగు కాలవలు కప్పాలి, తిండి చెత్త ఏ పూటకా పూట బయటికి పోవాలి. దానికి డబ్బు కావాలి, మనుషులు కావాలి, చూసుకునే పెద్ద కావాలి. పైన పెద్దలు ఒకరిద్దరు బదిలీ అయితే కావచ్చు. వాళ్ళకి ఇంకో ఊళ్ళో ఇంకో కుర్చీ ఉంటుంది. కింద కొలువు పోయిన మనిషికి ఏముంటుంది?

2015లోనే కేంద్రం 'కాయకల్ప్' అని పోటీ పెట్టింది. శుభ్రంగా ఉన్న సర్కారు ఆసుపత్రులకి మార్కులేసి నగదు బహుమతి ఇస్తారు. ఆ డబ్బులో నాలుగో వంతు సిబ్బందికి ప్రోత్సాహకంగా పంచాలన్నారు. శుభ్రానికి వచ్చిన బహుమతిలో శుభ్రం చేసిన చేతికి ఎంత దక్కింది? మన మండలాల్లో బహుమతి వచ్చిన ఆసుపత్రులుంటే వెళ్ళి అడగాలి. కరోనా కాలంలో 2020 మే 3న హెలికాప్టర్లలోంచి ఆసుపత్రుల మీద పూలు చల్లారు. బాగుంది. ఆ పూలు ఊడ్చిందెవరు?

ఇక్కడ మన వాళ్ళతో కూడా ఒక మాట చెప్పాలి. ఊళ్ళల్లో మీటింగు పెడితే మన అక్కలు లేచి అడుగుతున్నారు. "ఆసుపత్రిలో ఆయాలూ వార్డుబాయిలూ మా దగ్గరే డబ్బులు గుంజుతున్నారు గదా, వాళ్ళ కోసం మేమెందుకు మాట్లాడాలి?" నిజమే. మగబిడ్డ పుడితే ఇంత, ఆడబిడ్డ పుడితే ఇంత, స్ట్రెచరు నెడితే ఇంత అని అడిగేవాళ్ళున్నారు. కూలికి పోయి తెచ్చుకున్న డబ్బు కాన్పు గది గుమ్మంలో పోతోంది. దీన్ని మేం వెనకేసుకు రాము. ఆకలితో ఉన్నవాడు ఆకలితో ఉన్నవాడి కంచంలో చెయ్యి పెడితే అది న్యాయం కాదు. కానీ గుమ్మంలో కనబడేది ఆయా చెయ్యి. రెండు మూడు నెలలు జీతం ఆపేసిన కాంట్రాక్టరు చెయ్యి గుమ్మంలో కనబడదు. పీఎఫ్ పేరుతో కోసి కట్టని చెయ్యి కనబడదు. మన చేత మనల్నే తిట్టించి, పైవాడు చల్లగా ఉంటాడు. డబ్బు అడగొద్దని ఆయాకి గట్టిగా చెబుదాం. ఆమె జీతం గురించి సూపరింటెండెంటుని అంతకన్నా గట్టిగా అడుగుదాం. రెండూ ఒకే రోజు చేయాలి.

చీపురు వదలాలా, చదువు అడగాలా?

ఇది చదివి మన కుర్రాళ్ళు కొందరు మామీద కోప్పడొచ్చు. "ఊడ్చే పనికి ట్రైనింగు అడగడమేంటి సార్? మన బిడ్డలు చీపురు పారెయ్యాలి గదా, దానికి సర్టిఫికెట్టు ఎందుకు?" మంచి ప్రశ్నే. దీనికి జవాబు మన చరిత్రలోనే ఉంది.

నర్సుల సంగతి చూడండి. ఒకప్పుడు పరాయివాళ్ళ చీము, నెత్తురు ముట్టుకునే పని మైలపని. అగ్రకులాలు తమ ఆడపిల్లల్ని ఆ గుమ్మం తొక్కనిచ్చేవి కావు. 1883లో గుంటూరు వచ్చి 1898లో ఆసుపత్రి తెరిచిన డాక్టర్ అన్నా కుగ్లర్ లాంటివాళ్ళు నడిపిన మిషన్ ఆసుపత్రుల్లో, మన క్రైస్తవ మాల మాదిగ ఆడపిల్లలు ఆ పనిని చదువుగా నేర్చుకున్నారు. అది చదువైంది, పరీక్ష అయింది, రిజిస్ట్రేషను అయింది, జీతం అయింది. మైలపని కాస్తా ఉద్యోగమైంది. ఇవాళ నర్సింగు సీటుకి అన్ని కులాలవాళ్ళూ పోటీ పడుతున్నారు. మన బిడ్డలు నర్సులై ఆ జీతాలతో వాళ్ళ బిడ్డల్ని డాక్టర్లు చేశారు. నెత్తురు అదే, చీము అదే. మారింది ఒకటే, దానికి శిక్షణ ఉందని లోకం ఒప్పుకుంది.

మంత్రసాని సంగతి దీనికి తిరగేసి చూడండి. వందల ఏళ్ళు ఊరందరికీ కాన్పులు చేసింది మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్ళే. 1970ల చివరినుంచి సర్కారు కొంతమందికి శిక్షణ ఇచ్చి కిట్లు కూడా ఇచ్చింది. 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది, కాన్పులు ఆసుపత్రికి మారాయి. తల్లీబిడ్డల ప్రాణానికి అదే మంచిది, మేం కాదనం. కానీ ఆ నేర్పున్న చేతులకి కాన్పు గదిలో ఏ నిచ్చెనా వేయలేదు. మన దగ్గర నేర్పుంటే దాన్ని నేర్పు కాదంటారు. మన దగ్గర పనుంటే దానికి నేర్పు అక్కర్లేదంటారు. రెండూ ఒకే నోటి మాటలు.

కాబట్టి చీపురు పట్టుకునే ఉండటానికి మేం శిక్షణ అడగడం లేదు. ఆ పనిని కులం చేతిలోంచి లాక్కోవడానికి అడుగుతున్నాం. శిక్షణ లేనిదే వార్డులో అడుగు పెట్టకూడదన్న రోజున ఆ పనికి విలువ కట్టాల్సి వస్తుంది, జీతం కట్టాల్సి వస్తుంది, పై మెట్టు చూపించాల్సి వస్తుంది. అప్పుడు పుట్టుక చూసి కాదు, నేర్పు చూసి మనిషిని తీసుకోవాల్సి వస్తుంది.

మన డిమాండ్లు

1. కాంట్రాక్టైనా పర్మినెంటైనా, ఊడ్చే, చెత్త ఎత్తే ప్రతి మనిషికీ చేరగానే శిక్షణ ఇవ్వాలి, ఏటా మళ్ళీ ఇవ్వాలి. తెలుగులో, చేసి చూపించి, పనిగంటల్లో, జీతంతో ఇవ్వాలి. నేర్పేవాళ్ళలో ఏళ్ళ తరబడి ఆ పని చేసినవాళ్ళూ ఉండాలి.

2. హెపటైటిస్-బి మూడు డోసులు, ధనుర్వాతం టీకా, ఏటేటా ఆరోగ్య పరీక్ష ఉండాలి. ఆ కార్డు పనిచేసే మనిషి చేతిలో ఉండాలి.

3. సూది గుచ్చుకుంటే వెంటనే రిజిస్టరులో రాయాలి, ఉచితంగా పరీక్షలూ మందులూ ఇవ్వాలి. ఆ రోజు కూలీ కోయకూడదు.

4. కాంట్రాక్టరు మారినా పనిమనుషులు మారకూడదు. శిక్షణ పత్రం, సర్వీసు లెక్క మనిషి వెంట రావాలి.

5. పది చదివినవాళ్ళకి నర్సింగ్ ఆర్డర్లీ, ల్యాబ్ అటెండరు లాంటి పై కొలువుల్లో వాటా ఇచ్చి, సర్వీసులో ఉండగానే చదువుకునే వీలు కల్పించాలి.

6. కులవృత్తుల పేర్లతో ఉన్న పోస్టుల పేర్లు మార్చాలి.

7. శిక్షణ ఇవ్వకపోవడాన్ని సూపరింటెండెంటు, కాంట్రాక్టరు పనితీరు కింద లెక్కగట్టాలి. నేర్పనివాడికి ముందు మార్కులు తగ్గాలి.

ప్రతి మండలంలో మన సంఘం వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టండి. పోయిన ఏడాది వ్యర్థాల నివేదిక నకలు ఇవ్వమనండి. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎంతమందికి ఇవ్వలేదు? ఎంతమందికి టీకాలు వేశారు? సూది గుచ్చుకున్న కేసులు ఎన్ని రాశారు? 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్య్రరేఖకి దిగువన ఉన్నవాళ్ళు ఫీజు కట్టక్కర్లేదు. జవాబు వచ్చాక దాన్ని పట్టుకుని ఆ ఆసుపత్రిలో ఊడ్చే అక్కచెల్లెళ్ళ దగ్గరికి వెళ్ళండి. కాగితంలో ఉన్నదీ, వాళ్ళు చెప్పేదీ పక్కపక్కన పెట్టి చదవండి. తేడా కనబడితే ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో అడగండి, కలెక్టరు గ్రీవెన్సులో అడగండి. మీటింగు పెడితే పనివాళ్ళనీ, రోగులనీ ఒకే చాప మీద కూర్చోబెట్టండి.

ఆసుపత్రి గోడలమీద 'పరిశుభ్రతే ఆరోగ్యం' అని పెద్దక్షరాలతో రాసి పెట్టారు. ఆ అక్షరాల కింద వంగి తుడుస్తున్న మనిషి ఆరోగ్యం ఎవరి పూచీ అని మనం అడుగుదాం. జవాబు చెప్పేదాకా అడుగుదాం.

జై భీమ్!